మొదట లేచిన చెయ్యి

ఆ రోజు ఉదయం సబీనా తలుపు తట్టకుండానే వంటింట్లోకి వచ్చింది. వస్తూనే పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసి మూతి విరిచింది.

"ఇదేం టీ మరదలా? పాలకి వాసన చూపించి వదిలేశావా?"

కెరుబో నవ్వింది. "సమ్మెలో ఉన్నవాళ్ల కొంపలో అంతే వదినా. జీతాలొచ్చాక చిక్కగా పెడతాలే."

"అంటే నీ మొగుడు గెలిచేదాకా ఈ ఎర్రనీళ్లేనన్నమాట. బతికాం!"

సబీనా కెరుబో భర్త ఒంబాతికి అక్క. రియోంగెరి యూనివర్సిటీలో విద్యార్థుల మెస్సుకి పెద్ద వంటమనిషి. భర్త పోయాక అత్తింటివాళ్లు పొలం గట్టు కూడా తొక్కనివ్వకపోతే తమ్ముడి పెరట్లో ఉన్న గదిలోకి వచ్చేసింది. ఎవరి వంట వాళ్లదే అని మొదట్లో అనుకున్నారు గానీ, ఆ మాట వారం కూడా నిలబడలేదు. పొద్దున టీ ఇక్కడ, రాత్రి ఉగాలీ ముద్ద అక్కడ. మధ్యలో వంద మాటలు, రెండు తగువులు. కెరుబోకి తోడబుట్టినవాళ్లు లేరు. ఆ లోటు ఏనాడూ తెలియనివ్వని మనిషి సబీనా.

యూనివర్సిటీ నష్టాల్లో ఉందనీ, సిబ్బంది ఎక్కువయ్యారనీ, కొన్ని విభాగాలు ఎత్తేస్తామనీ యాజమాన్యం ప్రకటించి నెల దాటింది. ఏ విభాగాలో మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడంతో అందరి మెడ మీదా కత్తి వేలాడుతున్నట్టే ఉంది. లైబ్రరీలో పనిచేసే కెరుబోకి రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. డ్రైవర్లు, తోటమాలులు, ల్యాబుల వాళ్లు, వంటవాళ్లు అందరూ ఒకే యూనియన్. ఆ యూనియన్‌కి చైర్మన్ ఒంబాతి. కెమిస్ట్రీ ల్యాబులో టెక్నీషియన్. మైకు పట్టుకుంటే కొండ అవతలి టీ తోటల్లో ఆకు కోసేవాళ్లు కూడా తలెత్తి వినేవాళ్లు. "ఒక్కరిని తీసినా అందరం బయటే!" అన్నది అతని మాటే. ఆ మాట మీదే సమ్మె నడుస్తోంది.

ఒంబాతి చొక్కా గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"అక్కా, నువ్వివాళ గేటు దగ్గరికి రాకు. మోకాళ్ల నొప్పులన్నావుగా. ఇంటి దగ్గరుండు."

"నేను రాకపోతే ఈ రాగిజావ దానంతటది నడిచొస్తుందా?" సబీనా పెద్ద క్యాను మూత బిగిస్తూ అంది. "నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను గానీ, నీ గొంతు సంగతి చూసుకో. నిన్న మైకులో పిల్లిని తొక్కినట్టుంది."

వేరే రోజైతే అతను దానికి దీటుగా ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు కప్పు కూడా ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

"ఏమైందే వీడికి?"

"నిద్ర లేదు వదినా. అంతమంది బరువు నెత్తిన పెట్టుకున్న మనిషి, నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?" అంది కెరుబో. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఒకింత గర్వం కూడా ఉంది.

గేటు దగ్గర అప్పటికే జాతరలా ఉంది. పచ్చటి కొమ్మలు, ఈలలు, పాటలు. మెస్సు ఆడవాళ్లు నడుముకి గుడ్డలు బిగించి ఎగురుతున్నారు. సబీనా జావ కప్పులు అందిస్తూ, తీసుకున్న ప్రతివాడికీ ఒక చురక అంటిస్తూ తిరిగింది. జావ అయిపోవచ్చాక ఒక కప్పు తమ్ముడి కోసం పక్కకి తీసిపెట్టి, మరదలి మోచేతిలో చెయ్యి దూర్చి తనూ పాటందుకుంది.

అప్పుడు గేటు లోపల ఆగి ఉన్న బండి మీదకి రిజిస్ట్రార్ మసెసె ఎక్కాడు. అంతకుముందు వచ్చినప్పుడల్లా వెనక పోలీసులుండేవారు. ఈసారి ఒక లౌడుస్పీకరు, పెదాల మీద చిన్న నవ్వు మాత్రమే ఉన్నాయి.

"ఈ ఎండలో ఎందుకిలా గొంతులు చించుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు" అన్నాడు. "మీ చైర్మన్ గారితో మాకు పోయిన వారమే మాట కుదిరింది కదా! మెస్సూ లాండ్రీ కాంట్రాక్టరుకి ఇస్తున్నాం. అక్కడివాళ్లకి రావలసింది ఇచ్చి పంపించేస్తాం. లైబ్రరీ, ల్యాబులు, ఆఫీసులు ఎక్కడివక్కడే ఉంటాయి. నా గదిలో కూర్చుని, టీ తాగి, ఆయనే సరేనన్నారు. ఆ సంగతి మీకింకా చెప్పలేదా?"

జనం ముందు నవ్వారు. ఎవరో ఈల వేశారు. "చైర్మన్, మైకందుకో! ఆ నోరు మూయించు!" అని వెనక నుంచి ఒక డ్రైవరు అరిచాడు.

మైకు ఒంబాతి చేతిలోనే ఉంది. అతను దాన్ని పైకెత్తలేదు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కెరుబో భర్త మొహం వైపు చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం చదవడానికి ఆమెకి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలోనే అంతా అర్థమైపోయింది. అయినా మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడు నోరు తెరుస్తాడు, ఇప్పుడు అబద్ధమంటాడు అని చూస్తూనే ఉంది.

సబీనా మరదలి మోచేతిలోంచి చెయ్యి తీసుకుంది. పక్కన పెట్టిన జావ కప్పు తీసుకుని తమ్ముడి దగ్గరికి నడిచింది. జనం దారిచ్చారు.

"ఒరే, అబద్ధమను" అంది. "ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆ ఒక్క ముక్క అను, చాలు."

"అక్కా..."

"అక్కా అనమని అడగలేదు. అబద్ధమనమన్నాను."

ఒంబాతి తల దించుకున్నాడు. సబీనా తిట్టలేదు, ఏడవలేదు. కప్పు అతని కాళ్ల దగ్గర నేల మీద పెట్టి, వెనక్కి తిరిగి, నొప్పి మోకాళ్లతో కొండ దిగడం మొదలుపెట్టింది. ఆమె వెనకే మెస్సు ఆడవాళ్లు ఒక్కొక్కరే కొమ్మలు కింద పడేసి కదిలారు. ఆ ఆకులు తొక్కుకుంటూ పోతున్న చెప్పుల చప్పుడు తప్ప గేటు దగ్గర ఇంకేం వినిపించలేదు.

*

కెరుబో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నపు వాన మొదలైంది. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతుంటే ఇల్లంతా డోలు మోగినట్టుంది. ఒంబాతి తడిసి ముద్దై వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు దాకా కూతురి పేరు పెట్టి "మోరా నాన్నా, మీరు" అని తప్ప పిలవని కెరుబో, ఆ రోజు మర్యాద మరిచిపోయింది.

"నిజమేనా? నువ్వు సరేనన్నావా?"

"ఏంటీ?" వాన హోరులో అతనికి వినపడలేదు.

"సరేనన్నావా అని అడుగుతున్నా!" గొంతు చిరిగేలా అరిచింది.

"తల ఊపాను! సంతకం పెట్టలేదు!"

"ఓహో, సంతకం పెట్టలేదా! అయితే ఇంకేం, దేవుడు నీ పక్కనే ఉన్నాడు! అక్క పీక మీద కత్తి పెట్టి, నొక్కలేదు, ఊరికే ఆనించానంటావు!"

"నా మాట విను కెరుబో. వాళ్లు నన్నొక్కడినే పిలిచారు. లైబ్రరీ ఒక పక్క, మెస్సూ లాండ్రీ ఒక పక్క, రెండిట్లో ఒకటి పోవాలి, ఏదో చెప్పు, మిగతావాళ్ల జోలికి రాం అన్నారు. చెప్పకపోతే రెండూ ఎత్తేస్తామన్నారు. నేనేం చెయ్యను? అక్కకి రిటైర్మెంటు దగ్గర పడింది. ఎలాగూ నాలుగు రోజులు పోతే..."

"నాలుగు రోజులు పోతే! ఆవిడతో పాటు మెస్సులో ఉన్న ట్రుఫేనాకీ దగ్గర పడిందా? లాండ్రీలో పిల్లతల్లులకీ దగ్గర పడిందా? బడి మానేసి బస్టాండులో మందాజీలు వేయించి అమ్మి నిన్ను చదివించింది ఎవరు? నీ చేతికి ఆ ల్యాబు కోటు వచ్చిందంటే ఎవరి చేతులు కాలితే వచ్చింది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంటిని అమ్ముకుని రచ్చకెక్కావు. నీకు సిగ్గు లేదా?"

"ఉంది!" ఒంబాతి అరిచాడు. "సిగ్గుంది కాబట్టే తిండి సయించడం లేదు. కానీ నాకు ఆ గదిలో అక్క మొహం గుర్తు రాలేదు. నీ మొహం గుర్తొచ్చింది. నీ మాట గుర్తొచ్చింది."

"నా మాటేంటి?"

వాన ఉన్నట్టుండి తగ్గింది. ఇద్దరూ అరుస్తున్న గొంతులతోనే ఉన్నారు గానీ, ఇప్పుడు అంత అరవక్కర్లేదు. ఒంబాతి గొంతు తగ్గించి చెప్పాడు.

"మొన్నామధ్య మోరాని హాస్టల్లో దింపి వస్తున్నప్పుడు బస్సులో ఏడ్చావు. ఏమన్నావో గుర్తుందా? 'మెస్సు వాళ్లకేం, గరిటె తిప్పడం వచ్చినవాళ్లకి ఎక్కడైనా పని దొరుకుతుంది. పుస్తకాలు సర్దడం తప్ప నాకేం చేతనవును? ఎవరి ఉద్యోగమైనా పోనీ, నాది మాత్రం పోనివ్వకండి' అన్నావు. నా చెయ్యి పట్టుకుని అన్నావు. నేను నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నా."

కెరుబో నోరు తెరిచింది.

అనలేదని చెప్పాలనుకుంది. కానీ అన్నది. ఆ బస్సు, కిటికీ అవతల పరుగెత్తుతున్న టీ తోటలు, ముందు సీటులో నిద్రపోతున్న ముసలాయన టోపీ, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. భయంలో అన్న మాట. అని, ఏడ్చి, ముక్కు తుడుచుకుని మర్చిపోయిన మాట. అది ఒక మగాడి చెవిలో పడి, అక్కడే ఉండిపోయి, ఒక మూసిన గదిలో అంతమంది ఆడవాళ్ల పొయ్యిలో నీళ్లు పోస్తుందని ఆమె అనుకోలేదు. బల్ల మీద కూలబడింది. ఇందాకటి నుంచి తను తిట్టిన ప్రతి తిట్టూ తిరిగి వచ్చి తనకే తగులుతోంది.

"అన్నాను" అంది చివరికి.

పెరటి తలుపు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు విని లేచి వెళ్లింది. సబీనా గది తెరిచే ఉంది. మంచం మీద దుప్పటి లేదు. మంచం కింద రేకు పెట్టె లేదు. గోడకి తగిలించిన చర్చి బట్టలు లేవు. వాన నీళ్లు గడప దాటి లోపలికి పారుతున్నాయి. కెరుబో ఆ నీళ్లలోనే నిలబడి, వచ్చే ఏడుపుని ఆపుకోలేక, తన గౌను మెడని నోట్లో కుక్కుకుంది.

*

సబీనా ట్రుఫేనా ఇంట్లో ఉందని మర్నాడు తెలిసింది. మార్కెట్ వెనక, అరటి గెలలు దింపే చోట రెండు గదుల ఇల్లు. కెరుబో వెళ్లేసరికి మెస్సు ఆడవాళ్లు నలుగురైదుగురు వాకిట్లో కూర్చుని చిన్సాగా ఆకుకూర వలుస్తున్నారు. ఆమెని చూడగానే ట్రుఫేనా లేచి నిలబడింది.

"అమ్మో, లైబ్రరీ మేడమ్ గారొచ్చారే! కుర్చీ తుడవండే ఎవరైనా! ఉద్యోగం భద్రంగా ఉన్నవాళ్లు, కింద కూర్చుంటే బట్టలు మాసిపోతాయి!"

కెరుబో వెళ్లి వాళ్ల మధ్య మట్టిలోనే కూర్చుంది. సబీనా తలెత్తలేదు. ఆకు వలుస్తూనే ఉంది.

"వాడు పంపించాడా?"

"లేదు వదినా. నేనే వచ్చాను. నీకో మాట చెప్పాలి. చెప్పాక నన్ను తిడతావో, కొడతావో నీ ఇష్టం." అంది కెరుబో. "ఆయన తల ఊపింది నా మూలంగానే. నేనే అన్నాను. మెస్సు వాళ్లకి ఎక్కడైనా పని దొరుకుతుంది, నా ఉద్యోగం మాత్రం పోనివ్వకండని నేనే ఏడ్చాను."

వాకిట్లో చేతులన్నీ ఆగిపోయాయి. ట్రుఫేనా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. సబీనా వలుస్తున్న కాడ ఒళ్లోకి జారిపోయింది. గేటు దగ్గర తమ్ముడు తల దించుకున్నప్పుడు కూడా రాని దిగ్భ్రమ ఇప్పుడామె మొహంలో కనిపించింది.

"నువ్వా?" అంది. "నా పక్కన కూర్చుని నా చేతి ముద్ద తినే నువ్వా?"

"నేనే."

వీధిలో ఎవరో అరటి గెల బేరమాడుతున్నారు. సబీనా తన రెండు చేతులూ ముందుకి చాపింది. నూనె చిట్లి కాలిన మచ్చలతో, పెద్ద పెద్ద గుండిగలు దింపి దింపి వంకరపోయిన వేళ్లతో ఉన్న చేతులు.

"ఎక్కడైనా దొరుకుతుందన్నావా? సరే. ఈ చేతులు పట్టుకుని నన్ను ఊళ్లోకి తీసుకెళ్లు. ఏ హోటలువాడు ఈ వయసులో వీటికి గరిటె ఇస్తాడో చూపించు. నడు."

కెరుబో ఆ చేతుల్ని పట్టుకుని తన మొహానికి ఆనించుకుని ఏడ్చింది. సబీనా చేతులు లాక్కోలేదు. అలాగని ఆమె తల నిమరనూ లేదు.

"చాల్లే, లే" అంది కొంతసేపటికి. "భయమేస్తే ఆడది మొగుడి దగ్గరే ఏడుస్తుంది. ఊళ్లోకొచ్చి ఏడుస్తుందా? నువ్వు నీ మొగుడితో అన్నావు. వాడు మాత్రం చైర్మనై ఉండి తల ఊపాడు. రెండూ ఒకటి కాదు. అయినా నా గుండె మండుతూనే ఉంది, అబద్ధమెందుకు? కానీ నువ్వు వచ్చి చెప్పావు. వాడింకా రాలేదు."

ఆ మాటే కెరుబో ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఒంబాతి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లండి. నేను అదే పెట్టుకుని వెళ్లాను."

అతను వెళ్లలేదు.

*

యూనియన్ సర్వసభ్య సమావేశం సోమవారం చర్చి హాల్లో పెట్టారు. లోపల చోటు చాలక జనం కిటికీలు పట్టుకుని వేలాడారు. చైర్మన్‌ని తొలగించాలన్న తీర్మానం ఒక్కటే ఆ రోజు విషయం. ఉపాధ్యక్షుడు ఒన్సేరియో, తోటల విభాగం మనిషి, మెత్తని గొంతువాడు, సభ నడిపాడు.

"ముందు మన చైర్మన్ ఏమంటాడో విందాం" అన్నాడు.

ఒంబాతి లేచాడు. ఎప్పుడూ మైకు లేకుండానే హాలంతా వినిపించే గొంతు ఆ రోజు మైకున్నా వెనక బల్లల దాకా పోలేదు.

"రిజిస్ట్రార్ చెప్పింది నిజమే. నన్నడిగారు, నేను తల ఊపాను. మీతో చెప్పలేదు. కొందరైనా మిగులుతారనుకున్నాను. ఆ కొందరిలో నా భార్య ఉంది. పోయేవాళ్లలో మా అక్క ఉంది. అంతే. నా తరఫున చెప్పుకోవడానికి ఇంకేం లేదు."

"దొంగ!" అని ఎవరో అరిచారు. "పెళ్లాం కోసం మమ్మల్ని తాకట్టు పెట్టావా?" అని ఇంకొకరు. ఒక ఖాళీ నీళ్ల సీసా ఎగిరొచ్చి అతని భుజానికి తగిలింది. కెరుబో గోడకి ఆనుకుని, ముందుకొచ్చి మాట్లాడాలో వద్దో తెలియక నిలబడింది.

"తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు ఒన్సేరియో.

విచిత్రంగా ఒక్క చెయ్యీ లేవలేదు. అంత కోపంలోనూ అందరి చూపులూ ముందు వరసలో కూర్చున్న సబీనా మీదకే పోయాయి. ఎంతైనా అక్క. చిన్నప్పుడు వీపున కట్టుకుని మోసిన మనిషి. ఆవిడ ఏదో ఒకటి అని తమ్ముణ్ణి కాపాడుతుంది, ఆ మాటేదో ముందు విందామని అందరూ ఆగారు.

సబీనా లేచి నిలబడి చెయ్యెత్తింది.

హాలు హాలంతా గతుక్కుమంది. ఒంబాతి అక్క చెయ్యి వైపు చూశాడు. ఆ నల్లమచ్చల చెయ్యి నిటారుగా, వణుకు లేకుండా ఉంది.

"ఎవరూ ఎత్తడం లేదేం?" సబీనా వెనక్కి తిరిగి అడిగింది. "నా మొహం చూస్తున్నారా? నా మొహంలో ఏముంది? అందరి తరఫునా మాట్లాడమని వీడికి కుర్చీ ఇచ్చాం. వీడు ఒక్కడే మాట్లాడుకుని వచ్చాడు. మీ అక్కకి అన్యాయం చేశావురా అని మీరంటున్నారు. నేనా మాట అనను. వీడు మెస్సులో అక్కని ఉంచి లైబ్రరీని పంపించినా ఇదే తప్పు. అప్పుడూ ఈ చెయ్యి ఇలాగే లేచేది. దించండి వీణ్ణి."

కెరుబో చెయ్యి లేచింది. తను ఎత్తినట్టు ఆమెకే తెలియలేదు. ఆ తర్వాత ముందు బల్ల దగ్గర ఒంబాతి తనూ మెల్లగా చెయ్యెత్తాడు. అది చూశాక హాలంతా అడవిలా చేతులు లేచాయి.

"ఇంకా అయిపోలేదు" అంది సబీనా కూర్చోకుండానే. "ఒన్సేరియో, నువ్వు మొన్న లాయరు దగ్గరికెళ్లావుగా. ఆయనన్నది వీళ్లకీ చెప్పు."

ఒన్సేరియో గొంతు సవరించుకున్నాడు. "ఉద్యోగాలు తీసేముందు యూనియన్‌తో చర్చించాలని చట్టం. చర్చించాం, మీ చైర్మనే ఒప్పుకున్నాడని వాళ్లు కోర్టులో చెప్పబోతున్నారు. ఆ గదిలో మనవాళ్లెవరూ లేరు. అది చర్చ కాదు, బెదిరింపు అని చెప్పగలిగిన వాడు ఒక్కడే ఉన్నాడు. చెబితే మాత్రం అతని పరువు పేపర్లకెక్కుతుంది. యాజమాన్యం కూడా ఊరుకోదు. అతని ఉద్యోగమూ దక్కదేమో."

సబీనా ఇప్పుడు మొదటిసారి తమ్ముడి కళ్లలోకి చూసింది.

"చెబుతావా?"

"చెబుతానక్కా."

"అయితే కూర్చో" అని తనూ కూర్చుంది.

*

కిసుము పట్నంలో లేబర్ కోర్టు. సరస్సు మీది ఉక్క గాలికి ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆగడం లేదు. మెస్సు ఆడవాళ్లంతా చందాలేసుకుని ఒక మటాటు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. కెరుబో వాళ్ల పక్కన ఒదిగి కూర్చుంది. దారి పొడుగునా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు గానీ, దిగేటప్పుడు ట్రుఫేనా ఆమె సంచి పట్టుకుంది.

యూనివర్సిటీ లాయరు కుర్రవాడు, నాలుక కత్తిలాంటిది.

"అంటే ఒంబాతి గారూ, మీరు మీ సభ్యుల్ని మోసం చేశారంటారు?"

"చేశాను."

"వాళ్లనడగకుండా, వాళ్ల అనుమతి లేకుండా?"

"అవును. యూనియన్ ఆ గదిలో లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను. వాళ్ల తరఫున సరే అనే హక్కు నాకు లేదు. రెండిట్లో ఒకటి చెప్పకపోతే రెండూ ఎత్తేస్తామన్నారు. భయపడ్డాను."

"సొంత అక్కని కూడా మోసం చేసిన మనిషి మాట కోర్టువారు ఎందుకు నమ్మాలి?"

కెరుబో కళ్లు మూసుకుంది. ఆ ప్రశ్న కోర్టు గోడలకి తగిలి తిరిగొచ్చినట్టైంది. ఒంబాతి బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"అబద్ధం చెబితే నాకే లాభం బాబూ" అన్నాడు. "నేనలా అనలేదని చెప్పి ఉంటే నా కుర్చీ, నా పరువు, మా అక్క, అన్నీ ఉండేవి. ఈ నిజం చెప్పడం వల్ల నాకు మిగిలేదేం లేదు. ఇక నమ్మడం, మానడం మీ ఇష్టం."

జడ్జి, నడివయసు ఆవిడ, కళ్లద్దాలు తీసి అతని వైపు ఒకసారి చూసి మళ్లీ రాసుకుంది. తీర్పు రావడానికి ఇంకో వాయిదా పట్టింది. ఆ రోజూ అందరూ అదే మటాటులో వచ్చారు. మూసిన గదిలో ఒక్క మనిషిని నిలదీసి రాబట్టిన మాటని చర్చ అనరన్నారు. కోతలన్నీ ఆపి, మొదటి నుంచీ అందరితో, అన్ని విభాగాలతో మాట్లాడాలన్నారు. మెస్సు మూయడానికి వీల్లేదు. లైబ్రరీకి ఇచ్చిన హామీ కూడా చెల్లదు.

కోర్టు ఆవరణలో మెస్సు ఆడవాళ్లు పాటందుకున్నారు. మెస్సువాళ్లో, లాండ్రీవాళ్లో, ఎవరు ఎవర్ని కౌగిలించుకుంటున్నారో తెలియలేదు. ఒంబాతి మాత్రం దూరంగా, మటాటు నీడన, ఎవరి కంటా పడకూడదన్నట్టు నిలబడ్డాడు. కెరుబో అతని దగ్గరికి నడవబోయి ఆగిపోయింది. సబీనా ఆమె కంటే ముందు అటు కదిలింది.

"ఏం చైర్మన్ గారూ, ఇక్కడ నక్కారేం?"

"నేను చైర్మన్ని కాదుగా అక్కా."

"అందుకే వచ్చాను. చైర్మన్‌తో నాకు మాటల్లేవు. తమ్ముడితో ఎప్పుడు లేకపోయాయి?"

ఒంబాతి ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి గానీ గొంతులోంచి మాటకి బదులు ఒక చిన్నపిల్లాడి ఏడుపు వచ్చింది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా అక్క భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. సబీనా వీపు తడుతూ, "ఊరుకోరా, ఊరుకో. నీ ఏడుపు పాడుగాను, ఉన్నదొక్క మంచి గౌను, తడిసిపోతోంది" అంటూ, తనూ ఏడ్చింది.

మటాటు బయల్దేరింది. ఒంబాతి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సబీనా ఖాళీ సీట్లన్నీ దాటుకుంటూ వచ్చి కెరుబో దగ్గర ఆగింది.

"జరుగు మరదలా. కిటికీ నాకివ్వు."

కెరుబో గబగబా జరిగింది. కొంత దూరం ఇద్దరూ చెరకు తోటలు చూస్తూ కూర్చున్నారు.

"జడ్జి గారన్నది విన్నావుగా" అంది సబీనా. "లైబ్రరీ కూడా మళ్లీ బల్ల మీదకి వచ్చింది. రేపు నీ ఉద్యోగం పోవచ్చు, నాది ఉండొచ్చు."

"విన్నాను."

"భయంగా ఉందా?"

కెరుబో అబద్ధం చెప్పలేదు. "చాలా భయంగా ఉంది వదినా."

"నాకూ ఉంది. ఈసారి భయమేస్తే నా దగ్గరికొచ్చి ఏడువు. ఆ వెధవ చెవిలో ఏదీ వెయ్యకు."

కెరుబోకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే కన్నీళ్లూ వచ్చాయి. వంకరపోయిన ఆ వేళ్లని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఈసారి సబీనా ఆ వేళ్లని ముడిచి పట్టుకుంది. మటాటు గుసీ కొండలెక్కడం మొదలుపెట్టింది. చల్లగాలి తగిలిన కాసేపటికి సబీనాకి నిద్ర పట్టింది. దారి గతుకుల్లో ఆమె తల మరదలి భుజం మీదకి ఒరిగింది. భుజం తిమ్మిరెక్కినా కెరుబో రియోంగెరి వచ్చేదాకా కదల్లేదు.